ఎవరి కరువుకి ఈ కరువు భత్యం?

జీ.వో.ని కూడా సాహిత్యాన్ని చదివినట్టే చదవాలి. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడగాలి.

'కరువు భత్యం' అన్న మాటనే తీసుకుందాం. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, జనవరికీ జులైకీ, దీన్ని లెక్క కడతారు. అంటే కొలత కార్మికుడి వంటింటిది. ఫలితం ఖాయం ఉద్యోగిది. బకాయిల కోసం ఉద్యోగ సంఘాలు కొట్లాడటం న్యాయమే, కాదనను. కానీ బోడుప్పల్‌లో పొద్దు పొడవకముందే రోడ్లు ఊడ్చే ఔట్‌సోర్సింగ్ అక్కలకి ఈ లెక్క లేదు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకి 2016లో జీ.వో. 14 కింది శ్రేణి జీతం 12,000 అన్నది. 2021లో జీ.వో. 60 దాన్ని 15,600 చేసింది. మధ్యలో ఐదేళ్లు ఉప్పూ పప్పూ వాళ్లకి పాత ధరకే దొరికినయా?

పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొప్ప తీర్పే. అయితే అది మాట్లాడింది ఖాయం ఉద్యోగుల గురించే. భవిష్యనిధి కింద ఉన్న పనివాళ్లకి 2014లో కనీస పింఛను వెయ్యి రూపాయలని కట్టారు. దానికి ధరల సూచీతో సంబంధమే పెట్టలేదు.

చీపురు ఏ కులాల చేతికిచ్చారో వేరే చెప్పాలా? పనిని కులం పంచింది, భద్రతని జీ.వో. పంచింది. రెండు పంపకాలూ ఒకే గీత మీద నడుస్తున్నయి.

పాత పింఛను కావాలంటున్న మిత్రులారా, మీ డిమాండ్ల కాగితంలో ఈ అక్కలు ఎన్నో నంబరు?