నామసూచికలలో అకారాదిక్రమము

పరిశోధనగ్రంథమునకుఁ దుదను నామసూచిక యుండుట చదువరికి మేలు. కాని "అకారాదిక్రమమునఁ గూర్పఁబడినది" అని శీర్షికయందు వ్రాసినంతమాత్రమున సూచిక శాస్త్రీయము కానేరదు. ఏ అకారాది యను ప్రశ్న మిగిలియే యుండును. తెలుగున నది యొకటి కాదు.

పాఠశాలలలో నేర్పు వర్ణమాలయందు హకారము తరువాత ళ, క్ష, ఱలు వచ్చును. ఆ వరుసను బాటించినచోఁ గావలి, కాశీపతి, కాళిదాసు అని పేర్లు నిలుచును. 1991లో వెలువడిన యూనికోడు పట్టికలో ళకారము లకారమును వెన్నంటి యున్నది. ఆ సంఖ్యల ననుసరించి యంత్రము కూర్చినచోఁ గాళిదాసు మొదటికి వచ్చును. రెండును అకారాదులే. క్షకారము వ్యాకరణదృష్టిని క, షల సంయోగమే గాన క్షేమేంద్రుని కకారమునఁ జేర్చుటయే యుక్తము.

శకటరేఫము విషయమున నష్టము మిక్కుటము. కవిత్రయములో మూఁడవవాని పేరు ఎఱ్ఱన యనియు, ఎర్రన యనియు వ్రాయుచున్నారు. ఱకారమును వర్ణమాల తుద నుంచిన సూచికలో నీ యొక్క కవియే యిద్దఱుగా విడిపోవును. ఒకచోటఁ జూచినవాఁడు రెండవచోటి పుటసంఖ్యల నెఱుఁగకయే గ్రంథమును మూయును. నిఘంటువున ర, ఱల భేదము పాటింపవలసినదే. వ్యక్తినామసూచికయందు మాత్రము రెంటి నేకస్థానమునఁ జేర్చుట మేలు.

పూర్ణబిందువునకు మూఁడు స్థానములు కానవచ్చుచున్నవి. హల్లులకు ముందుంచినచోఁ జంద్రశేఖరుఁడు చక్రపాణికి ముందు వచ్చును. గుణింతపు వరుసఁ బట్టినచో 'చౌ' తరువాతఁ బోవును. పరసవర్ణముచే నకారమని గ్రహించినచోఁ జతుర్భుజునకును జలపతికిని నడుమ నిలుచును. పాణినీయము చదివినవారికి మూఁడవదే శాస్త్రసమ్మతముగాఁ దోఁచును. అయినను నది సూచికకుఁ జెల్లదు. పరసవర్ణము యయ్ పరమైనపుడే కలుగును; శ, ష, స, హలు పరమైనచో ననుస్వార మట్లే యుండును. అందువలనఁ జంద్రునియందలి బిందువు నొకచోటను, కంసునియందలి బిందువు మఱొకచోటను జేర్పవలసివచ్చును. పాణిని విధించినది యుచ్చారణమును; సూచికయందు వెదకునది కన్ను. తెలుగులిపిలో రెంటను గానవచ్చునది యొక్క సున్నయే. కాఁబట్టి మొదటి పద్ధతియే నిర్దుష్టము.

వర్ణక్రమము సరియైనను, పేరులో నేభాగమును ముందుంచవలెనను చిక్కు కలదు. ఐరోపీయుల పద్ధతిలోఁ దఱచుగాఁ జివరిపదము వంశనామము. తెలుగువారి యింటిపేరు మొదటనే యుండును. చివర నుండునవి పంతులు, శాస్త్రి, రావు మున్నగునవి. ఆ పద్ధతిని గ్రుడ్డిగాఁ గైకొన్న సూచికలోఁ గందుకూరి వీరేశలింగం పంతులు (1848-1919) పకారమునఁ జిక్కును. అట్లని యింటిపేరే సర్వత్ర ప్రధానమనుటయుఁ జెల్లదు. అల్లసాని పెద్దనను 'పెద్దన' యనియే, సర్వేపల్లి రాధాకృష్ణన్ (1888-1975)ను 'రాధాకృష్ణన్' అనియే లోకము వెదకును. ప్రసిద్ధమైన భాగముకడఁ బుటసంఖ్యల నొసఁగి, రెండవభాగముకడ 'చూడుము' అని దారి చూపవలెను.

సూచికాకర్త యే క్రమమును గైకొన్నను దానిని బ్రారంభమున నాలుగు పంక్తులలోఁ దెలిపి, తుదివఱకుఁ దప్పక పాటింపవలెను. క్రమము చెప్పని సూచికయందుఁ బేరు దొరకనిచో, నది గ్రంథముననే లేదో, వెదకినచోటు తప్పో చదువరికిఁ దెలియదు. ఆ సందేహమును నివారించుటయే సూచికకుఁ బ్రయోజనము.