జాబులు చెప్పు వలసకథ

వలసపోయినవారిని గూర్చి వ్రాయువారు తఱచుగా లెక్కలతోడనే యారంభింతురు. ఏ యేట నెందఱు ఓడ యెక్కిరి, ఎంత సొమ్ము పంపిరి యనునవి తెలియవలసినవే. కాని వారు విడిచిపోయిన యింటిలో నేమి జరిగెనో యాలెక్కలు చెప్పవు. ఈ కొఱత తీర్పఁబూనిన గ్రంథములలో, విలియం థామస్, ఫ్లోరియన్ జ్నానియెట్స్కీ పండితులు 1918–1920 నడుమ ఐదు సంపుటములుగా ప్రకటించిన 'యూరపు, అమెరికాలలో పోలెండు రైతు' అనునది ముఖ్యమైనది.

థామస్ చికాగోలోని పోలిష్ పత్రికలో ప్రకటన వేయించి, వలసవచ్చినవారి యిండ్లలోని జాబులను వెల యిచ్చి కొనెను. వానిలో భూమి, అప్పు, కట్నము, పెండ్లి, ముదుసలి తల్లిదండ్రుల పోషణ మొదలగు సంగతులు కలవు. సముద్రమున కిరుదరుల నున్నను కుటుంబ మొక్కటియే యని యీజాబులు చూపుచున్నవి. పేదరైతుల మాటను శాస్త్రమునకు సాక్ష్యముగా గ్రహించుట యీగ్రంథమున మేము మెచ్చుకొను గుణము.

దోషములును గలవు. సిద్ధాంతములను స్థాపించుటకు ఈజాబులు చాలవని 1939లో హెర్బర్ట్ బ్లూమర్ విమర్శించెను. మాకు వేఱొక యాక్షేపణ కలదు. పాత కట్టుబాటుల పట్టు సడలుటను గ్రంథకర్తలు సాంఘిక విచ్ఛిత్తి యనిరి. పునర్నిర్మాణమును గూర్చియు వ్రాసిరి, నిజమే. కాని యాకట్టుబాటు లెవరిని కట్టియుంచెను? తండ్రికి విచ్ఛిత్తిగాఁ దోచినది కూఁతునకు విముక్తి కావచ్చును గదా!

ఈ ప్రశ్న మనకును దూరమైనది కాదు. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి మనవారు వేలకొలఁది రంగూనునకుఁ బోయి రేవులలోను, బియ్యపు మరలలోను పాటుపడిరి. 1941లో వెలువడిన జేమ్స్ బాక్‌స్టర్ నివేదిక బర్మాకు భారతీయుల వలసను లెక్కించినది. అట్టి లెక్కలలో, ఇంటివద్ద నిలిచిన యిల్లాండ్ర మాట వినఁబడదు.

నేఁడు కడప, గోదావరి జిల్లాలనుండి స్త్రీలే యింటిపనికై కువైట్టునకుఁ బోవుచున్నారు. పూర్వము మగవాఁడు పోయిన యింట తల్లి మిగిలెను. ఇప్పుడు తల్లియే పోయిన యింట బిడ్డల నమ్మమ్మయో, తండ్రియో పెంచవలసియున్నది. వారు ఫోనులో చెప్పుకొను మాటలు జాబులవలె పెట్టెలో నిలువవు. కావున పరిశోధకులు వారు పంపు సొమ్మును లెక్కించుటతోఁ దృప్తిపడక, ఆతల్లులను, ఆయమ్మమ్మలను, ఎదిగిన బిడ్డలను అడిగి వ్రాసికొనవలెను. చెడిన సంసారమనియో, బాగుపడిన సంసారమనియో తీర్పును ముందే నిశ్చయించుకొని మాత్రము వారి గడప త్రొక్కరాదు.