కొట్టబోయే మానుతోనే కట్టిన పడవ

టాస్మానియా పడమటి తీరాన మెక్వారీ హార్బర్ మూతి మహా ఇరుకు. హెల్స్ గేట్స్ అంటారు. ఇసుకమేటనీ ప్రవాహాన్నీ కనిపెట్టుకుంటూ యాట్ ఆ సందు దాటిందంటే, దక్షిణ అమెరికా నుంచి అడ్డన్నది లేకుండా వచ్చే పడమటి గాలుల పోటు వెనకబడిపోతుంది. లోపల 300 చదరపు కిలోమీటర్లు మించిన నీళ్ళు. ఆగ్నేయపు కొసన గోర్డన్ నది వచ్చి కలుస్తుంది. ఎగువ గడ్డిభూముల్లోంచి దిగే టానిన్ వల్ల దాని నీరు ముదురు గోధుమ రంగు. గాలి లేని పొద్దున వానలడవి మొత్తం అందులో తలకిందులుగా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళందరూ ఫొటోలు తీసుకునేది దాన్నే. నన్నడిగితే మాత్రం ఈ నది మీద తిరిగినవాటిల్లో అందమైనది పైనర్ల పంటు.

మన సఖినేటిపల్లి రేవులో బళ్ళనీ జనాన్నీ దాటించే పంటు లాంటి భారీ సరుకు కాదిది. నాలుగైదు మీటర్ల తెడ్ల పడవ, అంతే. పైనర్లంటే హ్యూన్ పైన్ చెట్లు కొట్టడానికి నెలల తరబడి అడవిలో ఉండిపోయిన కష్టజీవులు. వాళ్ళ తిండి, గొడ్డళ్ళు, రంపాలు, దుంగలు దొర్లించే జాకీలు అన్నీ ఈ పడవలోకే ఎక్కాలి. హార్బర్‌లో అలలకి తట్టుకోవాలి. నదిలో ఎదురీదాలి. నీరు రాళ్ళ మీద విరుచుకుపడే చోట మనుషులు దిగి తాళ్ళతో లాగితే పైకి రావాలి. బరువుంటే ఇవేవీ కుదరవు. తేలికగా కట్టాలి, కట్టింది విరక్కూడదు. పనితనం తెలిసేది అక్కడే.

పంటుని చెక్క అంచు మీదికి చెక్క ఎక్కించి బిగించి కడతారు. ఈ పద్ధతిని క్లింకర్ అంటారు. ఒక్క అతుకు దగ్గర ఆగి చూడండి. కింది చెక్క పై అంచుని ఏటవాలుగా చిత్రిక పడతారు. పై చెక్క దాని మీద వెలుతురు దూరకుండా కూర్చోవాలి. ఆ వాలు పడవ నడుమ ఒకలా, ముక్కు దగ్గర ఇంకొకలా మారుతూ పోతుంది కాబట్టి కొలబద్దతో పని తేలదు, కంటికే తెలియాలి. తర్వాత బెజ్జం వేసి రాగి మేకు దింపుతారు. బయట ఒకరు మేకు తలకి బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటారు. లోపల ఇంకొకరు మొనకి చిన్న రాగి బిళ్ళ తొడిగి, మిగిలిన మేకుని కత్తిరించి, కొసని చిన్న చిన్న సుత్తి దెబ్బలతో బిళ్ళ మీద అణుస్తారు. గట్టిగా కొడితే మేకు చెక్క లోపలే వంగిపోతుంది, మెల్లగా కొడితే అతుకు వదులు. ఇలాంటివి పడవకి వందలు! మిగిలిన పిసరంత సందుని నీళ్ళలో దిగాక చెక్కే ఉబ్బి మూసేస్తుంది. అడ్డబద్దలది ఇంకో తొందర. ఆవిరిపెట్టెలోంచి తీసినవాటిని వేడి దిగేలోపు వంచి బిగించెయ్యాలి.

ఇంత సన్నటి పనికి లొంగే చెక్క కూడా దొరకాలి కదా. పైనర్లు కొట్టబోయేదీ పడవ కట్టిందీ ఒకటే మాను. హ్యూన్ పైన్ ఏడాదికి దాదాపు ఒక్క మిల్లీమీటరు లావెక్కుతుంది. అంటే జానెడు లావు మానుకి 200 ఏళ్ళుండొచ్చు. 2000 ఏళ్ళు దాటినవీ ఉన్నాయి. అంత నిదానంగా పెరగబట్టే దాని వలయాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి, చెక్క మెత్తగా చిత్రికకి లొంగుతుంది. అందులోని మిథైల్ యూజినాల్ నూనె వల్ల త్వరగా పుచ్చదు, పురుగులు తొలచవు. షెడ్డులో చిత్రిక పడుతుంటే ఘాటు వాసన వీధి దాకా వస్తుంది. పచ్చి దుంగ కూడా తేలుతుంది. అందుకే దుంగ కొసన సుత్తితో ఎవరి గుర్తు వాళ్ళు కొట్టుకుని, వరద కోసం కాచుక్కూచుని, అది దింపుకొచ్చిన సరుకుని కింద ఏరుకునేవాళ్ళు.

ఇక్కడ ఓడల పని మొదలైంది ఖైదీల చేతుల్లో. హార్బర్‌లోని సారా ద్వీపంలో 1822లో శిక్షా శిబిరం పెట్టారు. డేవిడ్ హోయ్ అనే మేస్త్రీ కింద అక్కడ వరసగా ఓడలు తయారయ్యాయి. శిబిరం ఎత్తేశాక ఫ్రెడరిక్ అనే ఆఖరి ఓడ పూర్తి చెయ్యడానికి మిగిలిన ఖైదీల్లో పది మంది, 1834లో ఆ ఓడే ఎక్కి చిలీ తీరానికి ఉడాయించారు. తాము చేసిన పని మీద అంతకన్నా నమ్మకం ఎవరు చూపిస్తారు?

పైనర్లని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వాళ్ళ గొడ్డలి చేరిన ఒడ్డుల్లో పెద్ద మానులు మిగల్లేదు. మిగిలిన అడవిలో కొంత ముంచేలా గోర్డన్ మీద తలపెట్టిన ఆనకట్టని 1983లో ఆస్ట్రేలియా హైకోర్టు తీర్పు ఆపింది. ఇప్పుడు బతికున్న హ్యూన్ పైన్‌ని కొట్టనివ్వరు. ఎప్పుడో పడిపోయిన మొద్దులు, నీళ్ళు తేల్చిన దుంగలే ఆధారం. ఏళ్ళ తరబడి తడిలో పడున్నా లోపల గట్టిగానే ఉంటాయి. సరుకు కరువవడంతో ఇప్పటి పడవ మేస్త్రీ రంపం పెట్టే ముందు పదిసార్లు ఆలోచిస్తాడు.

హోబార్ట్‌లో రెండేళ్ళకోసారి చెక్క పడవల పండగ జరుగుతుంది. వెళ్తే వార్నిషు మెరుపు దగ్గరే ఆగిపోకండి. లోపలికి వంగి రాగి బిళ్ళల వరస చూడండి. వరస ఎక్కడ కాస్త మెలిక తిరిగిందో అక్కడ చెక్క వంపు మేస్త్రీని ఏడిపించిందని లెక్క.