కొయ్య తులిప్‌లతో మొదలైన పండుగ

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని పెల్లా పట్నం జనాభా పదివేల చిల్లర. ఏటా మే నెల మొదటి వారాంతంలో అక్కడ మూడు రోజులపాటు తులిప్ టైమ్ అనే పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో ఊరంతా పాతకాలపు నెదర్లాండ్స్ వేషం కడుతుంది. ఇది సంప్రదాయమే కాదు, యాత్రికుల కోసం అల్లిన వేడుక అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు చూపే ఆధారాలు బలమైనవే. పండుగ పుట్టింది 1935లో, ఊరి హైస్కూలు పిల్లలు ఆడిన ఒక సంగీత నాటకం నుంచి. ఆ మొదటి ఏడు ఊళ్లో పాదులు వేసిన తులిప్‌లే లేవు. వడ్రంగి చేత కొయ్య పూలు చేయించి, రంగులు వేసి వీధుల్లో నిలబెట్టారు. ఇదంతా ఒప్పుకున్నాక కూడా వాళ్ల తీర్పు సరికాదనే నా వాదన. పండుగ ఎప్పుడు పుట్టిందన్నది చరిత్రకారుడు తేల్చుకోవలసిన సంగతి. దాని విలువ కొలవాలంటే మాత్రం అది ఏయే పనులను ఎంతమంది చేతుల్లో బతికిస్తోందో చూడాలి.

నెదర్లాండ్స్ రాజ్యపు చర్చినుంచి విడిపోయిన హెండ్రిక్ స్కోల్టే అనే మతబోధకుడి వెంట సుమారు 800 మంది వచ్చి 1847లో ఈ ఊరు కట్టుకున్నారు. వాళ్లకు కావలసింది మతస్వేచ్ఛ, సాగుకు నేల. వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు క్రమంగా ఇంగ్లిషులోకి, అమెరికా దుస్తుల్లోకి మారిపోయారు. అంటే 1935 నాటికి పండుగ చేసుకుందామనుకున్నవాళ్లు చాలా సంగతులను మళ్లీ వెతికి నేర్చుకోవలసి వచ్చింది. విమర్శకులు దీన్ని లోపమంటారు. నాకు ఇందులోనే ఈ పండుగ బలం కనిపిస్తుంది. పుట్టుకతో అబ్బినదాన్ని ఎవరూ పరిశీలించి చూడరు. పోగొట్టుకుని వెతుక్కున్నదాన్ని మాత్రం కుట్టు కుట్టుకూ ప్రశ్నించి చూస్తారు.

దుస్తుల సంగతే తీసుకుందాం. "డచ్చి వేషం" అని ఒకటంటూ లేదు. ఒక్కో ప్రాంతానికి, ఒక్కోసారి ఒక్కో పల్లెకు, వేరే కట్టు. వోలెండామ్ స్త్రీల లేసు టోపీకి గంజి పెట్టి, చెవుల పక్క అంచులు రెక్కల్లా పైకి లేచి నిలబడేట్టు తీర్చాలి. జీలండ్‌లోని దక్షిణ బెవెలండ్‌లో టోపీ ఆకారం చూసి మతం చెప్పవచ్చు: ప్రొటెస్టంట్ స్త్రీలది గుండ్రంగా విచ్చుకుని ఉంటుంది, కేథలిక్కులది కోణాలు తేలి ఉంటుంది. స్టాప్‌హోర్స్ట్‌లో నల్లగుడ్డ మీద మేకుతలల్లాంటి చిన్న అచ్చులతో చుక్కచుక్కగా రంగు అద్ది పువ్వులు తీస్తారు. ఏ ప్రాంతపు కట్టునైనా నమ్మకంగా కుట్టాలంటే కుచ్చిళ్ల లెక్క, లేసు పని, గంజి పదును తెలియాలి. ఇంకా ఆ గుర్తులన్నిటికీ అర్థం తెలియాలి. కొయ్యజోళ్లదీ ఇదే తీరు. పోప్లర్, విల్లో కర్రను పచ్చిగా ఉండగానే తొలిచి, తర్వాత నిదానంగా ఆరబెడతారు. ఎండిన కర్రయితే ఉలికి అంత సులువుగా లొంగదు. వాటిని తొడుక్కుని నడవడానికి మందపాటి మేజోళ్లు కావాలి, అంతకుమించి అలవాటు కావాలి.

ఊరేగింపుకు ముందు వీధి కడగడం పూర్తిగా నాటకమే. ఊరి పెద్ద వేషధారి వచ్చి వీధి పరిశీలిస్తాడు, మురికిగా ఉందని ప్రకటిస్తాడు, కావిళ్లతో నీళ్లు మోసుకొచ్చి జనం చీపుర్లతో రుద్దుతారు. అయినా గడపలు కడిగే డచ్చివారి పట్టుదల ఇందులో ఉంది, చిన్నా పెద్దా ఒకేసారి వంగి చేసే పనీ ఉంది. తులిప్‌ల దగ్గర నాటకం చెల్లదు. దుంపలను అక్టోబరు, నవంబరు నెలల్లో 6 నుంచి 8 అంగుళాల లోతున పాతాలి. పువ్వు రావాలంటే వాటికి కనీసం 12 వారాల చలి పడాలి. చలికి అయోవాలో లోటు లేదు, చిక్కల్లా తేదీతోనే. పండుగ ఎప్పుడో ముందే ఖాయమవుతుంది, పువ్వు ఎండనుబట్టి విచ్చుకుంటుంది. ఏప్రిల్ వెచ్చగా గడిస్తే పండుగ నాటికి రేకులు రాలిపోతాయి, చలి సాగితే మొగ్గలే మిగులుతాయి. అందుకే ముందు పూసేవి, నడిమి కాలానివి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటడం ఉపాయం.

ఇక గాలిమర. 2002లో నిలబెట్టిన వెర్మీర్ మిల్ 1850ల నాటి నమూనా. భాగాలు నెదర్లాండ్స్‌లో చేయించి తెచ్చారు. దాని ఎత్తు 120 అడుగులకు పైమాటే. నిజంగా గోధుమ విసిరే మర ఇది. ఈ తరహా మరలో తలభాగాన్ని గాలికి ఎదురుగా తిప్పుకోవాలి, రెక్కల చట్రాల మీద ఎంత గుడ్డ పరచాలో గాలి వేగం చూసి నిర్ణయించుకోవాలి, రాళ్ల మధ్య ఎడం పిండిని చేత్తో తాకి సరిచేయాలి. మర నడపడం నేర్వాలంటే ఆ పని తెలిసిన మరొకరి దగ్గర పనిచేయడమే దారి. మరను బొమ్మగా నిలబెట్టి వదిలేస్తే ఈ విద్య అక్కరలేదు. పెల్లా ఆ సులువు దారి పట్టకపోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

వ్యాపారం పండుగను పాడుచేస్తుందన్న ఆక్షేపణ ఒకటుంది. దుకాణాల ముఖభాగాలకు మాత్రం డచ్చి సొగసు అతికించడం నిజంగానే పేలవమైన పని. కానీ బేకరీలను చూడండి. బాదం ముద్దను పొరల పిండిలో చుట్టి 'ఎస్' ఆకారంలో కాల్చే డచ్ లెటర్ నెదర్లాండ్స్‌లో ముఖ్యంగా డిసెంబరు పండుగ తినుబండారం. పెల్లాలో అది ఏడాది పొడవునా దొరుకుతుంది. 1898 నాటి యార్స్మా బేకరీ ఇప్పటికీ దాన్ని చేస్తోంది. కొనేవాళ్లున్నారు కాబట్టే ఆ పొరలు మడవడం తెలిసిన చేతులు ఊళ్లో ఉన్నాయి.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి. ఈ వేడుక ఎవరిని వదిలేస్తోంది? సాక్, మెస్క్వాకీ జాతులు 1842 ఒప్పందంతో ఈ నేలను వదులుకున్నాయి. 1845 నాటికి వాళ్లను పంపించేశారు. రెండేళ్లకు స్కోల్టే బృందం దిగింది. ఈ విమర్శకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఊరి కథ 1845తో మొదలవ్వాలి. ఊరి గంటల గడియారంలో రోజుకు కొన్నిసార్లు బయటికొచ్చే బొమ్మల్లో, బాల్యం పెల్లాలో గడిపి, తర్వాత అమెరికా పశ్చిమాన శాంతిభద్రతల అధికారిగా పేరుపొందిన వయట్ ఎర్ప్ ఉన్నాడు. అతను డచ్చివాడు కాదు. అతనికి చోటు దొరికినప్పుడు, 1857లో అయోవాలోనే నేల కొనుక్కుని ఇప్పటికీ అక్కడే ఉంటున్న మెస్క్వాకీలకు చోటు లేదనడం కుదరదు. వారసత్వం కలుషితమవుతుందన్న భయం కూడా నిలవదు. తులిప్ నెదర్లాండ్స్‌కు 16వ శతాబ్దంలో తురుష్క సామ్రాజ్యం వైపునుంచి వచ్చింది. డచ్చివారు 1605 నుంచి మచిలీపట్నంలో వర్తకం చేసి, ఈ తీరపు అద్దకం బట్టలను ఓడలకెత్తారు. ఫ్రీస్‌లండ్‌లోని హిందెలోపెన్ స్త్రీలు సొంత కట్టుగా చెప్పుకునే పొడవాటి అంగీలు కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డతో కుట్టినవే. ఆ అంగీని పెల్లా వీధిలో వేసుకునే హక్కు కుట్టడం నేర్చుకున్న ఎవరికైనా ఉంది, వాళ్ల తాతలు ఏ ఓడ ఎక్కి వచ్చినా.