కవాగుచిలో నీడ, సాయ్‌లో లావా

ఫ్యూజీ పర్వతానికి ఉత్తరాన ఐదు సరస్సులున్నాయి: యమనక, కవాగుచి, సాయ్, షోజి, మోతోసు. కొండ కక్కిన లావా లోయలకు అడ్డుపడి నీళ్లు నిలిచిపోగా ఏర్పడినవే ఇవన్నీ. టోక్యో నుంచి ఒక్కరోజు తీరిక చేసుకుని వెళ్లేవాళ్లలో చాలామంది కవాగుచి చూసి వెనుదిరుగుతారు. పక్కనే ఉన్న సాయ్ దాకా వెళ్లరు. నన్నడిగితే ప్రయాణికుడికి ఎక్కువ దక్కేది సాయ్ దగ్గరే.

కవాగుచిని తక్కువ చేయలేం. ఉత్తరపు గట్టున నిలబడితే 3,776 మీటర్ల కొండ ఏ అడ్డూ లేకుండా ఎదురుగా ఉంటుంది. గాలి లేని ఉదయం దాని నీడ తలకిందులుగా నీళ్లలో పడుతుంది. చిత్రకారుడు హొకుసాయ్ గీసిన ‘ఫ్యూజీ ముప్పై ఆరు దృశ్యాలు’లో ఒకటి ఈ నీడ బొమ్మే. అందులో పైనున్న కొండ వేసవి కొండ, మంచు లేదు. నీళ్లలోని నీడకు మాత్రం శిఖరాన మంచుంది. పైగా నీడ పడాల్సిన చోటి నుంచి పక్కకు జరిగి ఉంది. కంటికి ఇంత చూపించే చోట కూడా ఊహకు చోటు మిగులుతుందని ఆ చిత్రకారుడు 1830ల నాటికే గ్రహించాడు.

ఆ చోటు క్రమంగా ఇరుకైపోయింది. 1938లో ఈ సరస్సు పైనున్న మిసాకా కనుమ టీ దుకాణంలో బస చేసిన రచయిత దజాయ్ ఒసాముకు ఈ దృశ్యం మరీ గోడమీది బొమ్మలా తోచి సిగ్గేసింది. 2024 మేలో ఈ సరస్సు ఒడ్డు పట్టణం వాళ్లే ఒక దుకాణం ఎదుట రెండున్నర మీటర్ల ఎత్తున నల్లతెర కట్టారు. దుకాణం కప్పు మీద కొండ కూర్చున్నట్టు ఫొటో తీసుకోవడానికి జనం రోడ్డుకు అడ్డం పడటమే కారణం. ఆగస్టులో తీసేశారు. సొంత కొండను సొంత ఊరివాళ్లే దాచుకోవాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

సాయ్ దగ్గర ఆ తొక్కిసలాట లేదు. అషివాద కొండ అడ్డుండటంతో ఫ్యూజీ అన్నిచోట్లా కనిపించదు. పడమటి కొసన నెంబా దగ్గరికి వెళ్తేనే బాగా కనిపిస్తుంది. దీన్ని లోటనుకునేవాళ్లు ఒక్కసారి అడవి వైపు తిరగాలి. 864లో ఫ్యూజీ వాయవ్య వాలు పగిలి లావా పారింది. అక్కడున్న సెనోఉమి అనే పెద్ద సరస్సును చాలావరకు పూడ్చేసింది. మిగిలిన ముక్కలే నేటి సాయ్, షోజి. ఆ లావా మీద మొలిచిందే అఓకిగహర అడవి. మట్టి పలచన కాబట్టి చెట్ల వేళ్లు లోతుకు దిగలేక నల్లరాళ్ల మీద పాకుతాయి. వేయేళ్లు దాటినా ఆ ప్రవాహం ఎటు సాగిందో నడిచి తెలుసుకోవచ్చు. సాయ్, షోజి, మోతోసుల నీటిమట్టం దాదాపు ఒకటే, సుమారు 900 మీటర్లు. లావా కింద నీళ్లు కలిసే ఉన్నాయంటారు. వానలు విపరీతంగా పడిన ఏడాది షోజి దగ్గర అకైకె అనే ఆరో మడుగు పైకి తేలుతుంది.

కునిమాసు చేప సంగతీ చెప్పాలి. ఉత్తర జపాన్‌లోని తజావా సరస్సులో మాత్రమే బతికిన ఈ చేప, 1940లో ఆమ్లం కలిసిన నది నీళ్లను అందులోకి మళ్లించాక అంతరించిందనుకున్నారు. అంతకుముందే 1935లో దాని గుడ్లను తెచ్చి సాయ్‌లో వదిలారు. 2010లో అది ఇక్కడ బతికే ఉందని తేలింది. నెంబా ఊరిదీ పోయి తిరిగొచ్చిన కథే: 1966 తుఫానుకు బురద కింద పడి పోయిన ఆ ఊరి గడ్డికప్పు ఇళ్లను మళ్లీ కట్టి 2006లో తెరిచారు.

కవాగుచి ఫ్యూజీ అందాన్ని చూపిస్తుంది. సాయ్ ఆ కొండ చేసిన విధ్వంసాన్నీ, దాని మీదే మళ్లీ మొలిచిన బతుకునూ చూపిస్తుంది. జపాన్ వెళ్లే మిత్రులారా, కవాగుచికి ఒక ఉదయం ఇవ్వండి, రాత్రి బస సాయ్ ఒడ్డున పెట్టుకోండి. కవాగుచికో స్టేషన్ ముందు నుంచే బస్సుంది.