పుష్పకానికి ఇంజను

పాత స్కూటరుకు ఇంజను కావాలంటే మొదట చేయాల్సిన పని దాన్ని వెతక్కుండా ఉండటం. ఈ మాట నాది కాదు. టూ స్ట్రోక్ బండ్లు తప్ప ఇంకో బండి ముట్టని ఆళ్లగడ్డ మెకానిక్కుది.

"ఇంజను పోయిందంటారు సార్ అందురూ. పోయేది లోపలి సామానే. బోరు అరిగితే బోరు కొట్టిస్తాం, రింగులు పోతే రింగులేస్తాం, క్రాంకు ఊగితే క్రాంకు మారుస్తాం. ఇల్లు కూలితేనే గదా ఇంకో ఇల్లు చూసుకునేది!"

ఆయన లెక్కలో ఇల్లంటే కేసింగు, అంటే అల్యూమినియంతో పోత పోసిన ఇంజను పెట్టె. 57 మిల్లీమీటర్ల బోరు అరిగితే లేత్ షాపులో కాస్త పెద్దది చేసి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. మళ్లీ అరిగితే ఇంకాస్త పెద్దది చేస్తారు. చివరి సైజూ అయిపోతే స్లీవు దించి మళ్లీ మొదటి సైజుకు వస్తారు. ఇలా ఒక్క బోరుతోనే ఓ రైతు జీవితమంతా వెళ్లదీయొచ్చు. కానీ ఇంజను నంబరు ఉండేది పిస్టన్ మీదా, క్రాంకు మీదా కాదు, కేసింగు మీద. కాబట్టి మెకానిక్కుకైనా, రవాణా ఆఫీసుకైనా ఇంజను అంటే ఆ పెట్టే.

దొర్నిపాడులో మా మేనమామ బండికి కూలింది సరిగ్గా ఆ ఇల్లే. ఆ బండి ఆల్విన్ పుష్పక్. నలభై దాటిన పాఠకులకు ఆల్విన్ అంటే ఫ్రిజ్, బీరువా, చేతి గడియారం, ఆర్టీసీ బస్సు బాడీ గుర్తొస్తాయి. 1942లో నిజాం కాలాన పుట్టిన ఆ హైదరాబాదు కంపెనీ పేరు స్కూటరు మీద కూడా ఉండేదని ఇప్పుడు చాలామందికి తెలియదు. చేతక్ కావాలంటే బుకింగ్ చీటీ పట్టుకుని ఏళ్లకేళ్లు కూర్చోవాల్సిన కాలమది. అంత ఓపిక లేనివాళ్లు పుష్పక్ కొన్నారు. మా మామకు ఓపిక ఎప్పుడూ లేదు.

బండి మనదే గానీ అందులోని ఇంజను లక్నోది. మిలాన్‌లోని ఇన్నోసెంటి కంపెనీ 1971లో లాంబ్రెట్టా తయారీ ఆపేస్తే, మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆ యంత్రాలనూ హక్కులనూ కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టింది. విజయ్ సూపర్ అక్కడిదే. ఆ ఇంజన్లనే తెప్పించుకుని మన రాష్ట్రం పుష్పక్ పేరుతో బండి కట్టింది. ఆల్విన్ పోయింది. లక్నోలో స్కూటర్ల తయారీ 1997లో ఆగింది, 2021లో కేంద్రం ఆ సంస్థను మూసేయాలని నిర్ణయించింది. అయినా పుష్పక్ బతికి ఉందంటే అరువు తెచ్చుకున్న ఇంజను వల్లే. విజయ్ సూపర్ సామాను దీనికి సరిపోతుంది, విజయ్ సూపర్‌లు దేశమంతా తిరిగాయి. సొంత ఇంజను తయారుచేసుకుని ఉంటే ఈ బండి ఎప్పుడో కోడిగూడు అయ్యేది.

కేసింగు ఎలా పగులుతుంది? బజాజ్, వెస్పా బండ్లలో క్రాంకు నుంచి శక్తి పళ్ల చక్రాల మీదుగా వెనక చక్రానికి పోతుంది. లాంబ్రెట్టా జాతిలో మధ్యన ఓ చైను ఉంటుంది. అది సాగినప్పుడు బిగువు సరిచూడకపోతే ఏదో ఒక రోజు తెగి, తిరిగే వేగానికి చుట్టుకుని గోడను లోపల్నుంచి పొడుస్తుంది. కె.సి. కెనాల్ గట్టు మీద మామ బండికి జరిగింది అదే. చిన్న కన్నమైతే ఆర్గాన్ వెల్డింగుతో పూడ్చొచ్చు. ఇక్కడ పగులు బేరింగు కూర్చునే చోటిదాకా పాకింది. వెల్డింగు వేడికి బేరింగు గూడు ఒక వెంట్రుక వాసి వంకరపోయినా కొత్త క్రాంకు కూడా నిలవదు.

"చేతక్ ఇంజను పెట్టించరాదూ, గుజిరీలో కుప్పలు పడుండాయి" అని ఊళ్లో సలహా. కుప్పలున్న మాట నిజమే. కానీ చేతక్‌ది రేకును అచ్చుకొట్టిన ఒళ్లు, దాని ఇంజను వెనక చక్రానికి కుడిపక్కన వేలాడుతుంది. పుష్పక్‌కు లోపల గొట్టపు ఫ్రేము, ఇంజను నడిమధ్య పడుకుని ఉంటుంది. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. పట్టించాలంటే ఫ్రేము కోయాలి, అప్పుడది రెండు బండ్లూ కాదు.

ఉన్న ఇంజను దించడమే ఓ ఘనకార్యం. క్లచ్చు, గేరు, బ్రేకు, యాక్సిలరేటరు కేబుళ్లు విప్పి, వెనక షాక్ అబ్జార్బరు ఊడదీశాక మిగిలేది ఒక్క పొడుగాటి బోల్టు. నల్లరేగడి బురదలో ఏళ్ల తరబడి తిరిగిన బండికి ఆ బోల్టు తుప్పుతో లోపలి బుష్షుకు అతుక్కుపోతుంది. డీజిలు పోసి రాత్రంతా నాననిచ్చి, నట్టు చివర బిగించే ఉంచి దానిమీద సుత్తి వేయాలి. నేరుగా బోల్టు మీద కొడితే మొన మొద్దుబారి అసలు రాదు.

ఇక వెతుకులాట. చెన్నై పుదుప్పేట, బెంగళూరు శివాజీనగర్ గుజిరీ, విజయవాడ ఆటోనగర్ అని అందరూ చెబుతారు. అక్కడ కంటికంటే చేతికి పని ఎక్కువ. అమ్మేవాడు కిక్కు కొట్టి "చూడు, కంప్రెషన్ ఎట్లుందో" అంటే మురిసిపోకూడదు. బోరులో నాలుగు చుక్కలు ఆయిలు పోస్తే చచ్చిన ఇంజను కూడా కిక్కును గట్టిగా ఎదిరిస్తుంది. హెడ్డు విప్పించి బోరు గోడల మీద నిలువు గీతలున్నాయేమో చూడాలి. మాగ్నెట్ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఏమాత్రం ఊగినా బేరింగులు పోయినట్టే. గేరు ఆయిలు కాస్త దించి వేళ్ల మధ్య రుద్దితే, మెరిసే పొడి కనబడితే లోపల పళ్లు అరుగుతున్నాయి. ఇవన్నీ బాగున్నా ఆయిలు సీళ్లు మాత్రం నమ్మొద్దు, మార్చేయాల్సిందే. క్లచ్చు వైపు సీలు పోతే ఇంజను గేరు ఆయిలును పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది. మాగ్నెట్ వైపుది పోతే బయటి గాలి లాగి, పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది గనక పాతకాలపు రబ్బరు ఇంకా తొందరగా చెడుతుంది. కరెంటు కూడా చూసుకోవాలి. పాత వైరింగు 6 వోల్టులది, తెచ్చిన ఇంజను 12ది అయితే మొదటి రాత్రే బల్బులు మాడిపోతాయి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నంబరు. గీకిన నంబరు, మళ్లీ పంచ్ కొట్టిన నంబరు ఉన్న ఇంజను ఉచితంగా ఇచ్చినా వద్దు. రాతి మీదైనా చెక్కగల శిల్పులున్న ఊరు ఆళ్లగడ్డ. ఇంజను మీద అంకెలు చెక్కించుకునే పని మాత్రం ఏ ఊళ్లోనూ పెట్టుకోకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చితే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇంజను ఎక్కడిదో చూపే కాగితం లేకపోతే అక్కడే ఆగిపోతాం. నాకు చూపిన ఇంజన్లలో మంచివి లేకపోలేదు. కాగితం ఉన్నవే లేవు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలనూ కొందరు ఆశగా అడుగుతున్నారు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికే ఆ 'వీఏ' నంబరు. ఇంజను రూపు మార్చిన బండికి ఆ ముచ్చట తీరదు.

చివరికి దొరికింది ఏ గుజిరీలోనూ కాదు. కోవెలకుంట్ల వైపు ఓ రిటైర్డు పంతులుగారి వసారాలో విజయ్ సూపర్ ఉంది. ఒళ్లంతా తుప్పు, ఇంజను మాత్రం భద్రం, ట్రంకు పెట్టెలో ఆర్సీ. మామ నా వంక చూసి, "ఇంత దగ్గర్లో పెట్టుకోని ఊళ్లు తిరిగితిమి గదరా" అన్నాడు.

అందుకే ఈ వారం పాఠకులకు ఓ విన్నపం. మీ పశువుల కొట్టంలోనో, వసారాలోనో పాత స్కూటరు పడి ఉంటే కిలో లెక్కన తూకానికి వేయకండి. ఇంజను దించి, దానితోపాటు ఆర్సీ జిరాక్సూ, నంబరు రాసి సంతకం చేసిన అమ్మకం కాగితమూ ఇవ్వండి. 55వ సెక్షన్ కింద ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. ఆ నంబరు మీద రేపు ఎవరూ మిమ్మల్ని అడగరు, కొన్నవాళ్లనూ అడగరు.