వనస్పతి తొడుగు – ఒక విమర్శ

ధ్రువ ప్రాంతాల జంతువులు చలికి ఎట్లు తట్టుకొనునో పసిపిల్లలకు తెలుపుటకు ఒక ప్రయోగము బహుళ ప్రచారములో నున్నది. ఒక పాలిథీన్ సంచిలో వనస్పతి వేసి, అందులో మరొక సంచిని దూర్చి, నడుమ క్రొవ్వు పొర గల తొడుగును తయారు చేయుదురు. పిల్లవాడు ఒక చేతిని ఈ తొడుగుతోను, రెండవ చేతిని వట్టిగాను మంచునీటిలో ముంచును. వట్టి చేయి క్షణాలలో జివ్వుమనును. తొడుగులోని చేయి వెచ్చగనే యుండును. సీలు, తిమింగలముల చర్మము క్రింద దళసరి క్రొవ్వు ఎందుకున్నదో ఇట్లు చేతికే తెలియును. గోడపటము ఈ పని చేయజాలదు.

అయినను ఇందులో లోపములు కలవు. మొదటిది పోలికలోని లోపము. ఒక చేతికి సంచులు, క్రొవ్వు రెండును ఉన్నవి. రెండవ దానికి ఏమియు లేదు. చలిని ఆపినది క్రొవ్వా, సంచులా, వాటి నడుమ చిక్కిన గాలియా? రెండవ చేతికి క్రొవ్వు లేని జంట సంచులు తొడిగి చూచిననే జవాబు దొరకును.

రెండవ లోపము మరింత ముఖ్యము. క్రొవ్వు పొరయే వేడి నిచ్చినదని పిల్లవాడు అనుకొనవచ్చును. ఆ వేడి వాని చేతిదే. క్రొవ్వు దానిని త్వరగా దాటిపోనీయలేదు. క్రొవ్వు ఉష్ణవాహకత నీటి వాహకతలో సుమారు మూడవ వంతు మాత్రమే. చేతికి బదులు తొడుగులో థర్మామీటరు ఉంచి మంచునీటిలో దించిన, ఉష్ణోగ్రత మెల్లమెల్లగా పడిపోవుట కనబడును. రంపపు పొట్టు కప్పిన మంచుగడ్డ ఆలస్యముగా కరగును. అంతమాత్రమున పొట్టు చలిని పుట్టించినదని ఎవరైన అందురా?

ఇక ఒకే తొడుగుతో జంతువులన్నింటిని వివరించుట మూడవ లోపము. పెంగ్విన్‌కు ముఖ్య రక్షణ దట్టమైన ఈకలు. ధ్రువపు ఎలుగుబంటికి నేలపై బొచ్చు ముఖ్యము. నీటిలో బొచ్చు తడిసినపుడు క్రొవ్వు ఆదుకొనును. అంటార్కిటికా శీతకాలములో గ్రుడ్లను పొదుగు మగ ఎంపరర్ పెంగ్విన్‌లు గుంపుగా ఒరసికొని నిలుచును. దీనికి వేరొక ప్రయోగము చాలును: వేడినీటి సీసాలను కొన్నింటిని దగ్గరగా చేర్చి, ఒకదానిని దూరముగా ఒంటరిగా ఉంచి, అరగంట తరువాత ఉష్ణోగ్రతలు చూడవలెను.

వనస్పతి తొడుగును విడువ నక్కరలేదు. మంచునీటిలో చేతిని ఎక్కువసేపు ఉంచనీయక, జంట సంచులను, థర్మామీటరును చేర్చిన చాలును. అప్పుడు పిల్లవాడు జంతువుతోపాటు ప్రయోగమనగా నేమో కూడ నేర్చుకొనును.